ఎడమ మడమ

సోమవారం. దీవికి చేరిన మర్నాడు

విదేశంలో చేతిపని నేర్చుకోవడానికి వెళ్ళిన ప్రతి వైద్య విద్యార్థీ ఏ రోజు ఏం ముట్టుకున్నదీ, ఏం కోసిందీ, ఏం కుట్టిందీ రాసి పంపాలని మా వైద్య మండలి నియమం. కాబట్టి రాస్తున్నాను. ఈ రోజు నేను ముట్టుకున్నవి: నా సూట్‌కేసు, హాస్టల్ తలుపు గడియ, భోజనంలో ఒక ఎండు చేప. కోసింది ఎండు చేపని. అదీ సరిగ్గా తెగలేదు.

నా పేరు గేదెల మంజువాణి. మాది రాజాం. కాలేజీలో ఉత్తుత్తి బల్ల మీద నాదే మొదటి ర్యాంకు. దాని అసలు పేరు చాలా పెద్దది, అది ప్రిన్సిపాల్ గారికి తప్ప ఎవరికీ గుర్తుండదు. మాకందరికీ అది ఉత్తుత్తి బల్లే. దాని మీద ఒక రబ్బరు మనిషి పడుకుని ఉంటాడు. ఊపిరి పీలుస్తాడు, మూలుగుతాడు, కోస్తే రక్తం కారుస్తాడు. మనం తప్పు చేస్తే రెండు చేతులూ పైకెత్తి, ఎడమ మడమతో కింద ఉన్న పెడల్ నొక్కాలి. చేతులు పైకి లేస్తే తప్ప పెడల్ పనిచెయ్యదు. నొక్కగానే కారిన రక్తమంతా బుద్ధిగా నరంలోకి వెళ్ళిపోతుంది, తెగింది అతుక్కుంటుంది. మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. అలా చదువుకున్న అయిదేళ్ళలో నా చేతిలో ఒక్కరూ చావలేదు. అంటే, చాలామందే చచ్చారు. వెంటనే మనసు మార్చుకున్నారు.

మా దగ్గర నిజం మనుషుల్ని యంత్రాలే కోస్తాయి. డాక్టర్లు అద్దం అవతల కూర్చుని చూస్తారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు దేశంలో యంత్రాలన్నీ ఒకేసారి ఆగిపోయాయట. ఆ రోజుల్లో కత్తి పట్టుకోగలిగిన డాక్టరు కోసం వెతికితే, అందరికీ పెడల్ నొక్కడమే వచ్చట. అప్పటినుంచి చేతులతో పని నేర్చుకున్నవాళ్ళకే పట్టా. నేర్పేది ఈ ఉత్తర సముద్రపు దీవుల్లోనే. ఇక్కడి ఆకాశంలో వచ్చే అయస్కాంత తుఫాన్లకి సున్నితమైన యంత్రాలు పిచ్చెక్కిపోతాయి కాబట్టి, ఇక్కడ మనుషుల్ని ఇంకా మనుషులే కోస్తున్నారు.

ఇంకో విషయం. ఇక్కడివాళ్ళ భాష నాకు రాదు. చెవిలో పెట్టుకునే తర్జుమా గింజ ఒకటి జగిత్యాల సీనియర్ దగ్గర సెకండ్‌హ్యాండులో తీసుకున్నాను. అది ఏ భాషనైనా ఆయన మాటలోకి తప్ప మార్చదు. అందుకని ఈ మంచు దేశంలో తెల్లజుట్టు వాళ్ళందరూ నాతో జగిత్యాల భాషలో మాట్లాడుతున్నారు. నా మాటల్ని వాళ్ళ చెవుల్లోని గింజలు వాళ్ళకి చెప్తాయి. "ఏం బిడ్డా, మంచిగ వచ్చినవా?" అంది హాస్టల్ వంటావిడ. ఇంత దూరం వచ్చినట్టే లేదు.

గురువారం. మొదటి ఆపరేషన్

మా టీచర్ పేరు డాక్టర్ బ్రీనా. అరవై దాటి ఉంటాయి. నా భుజం ఎత్తు ఉంటుంది. ఆవిడ పక్కన నిలబడితే నేనే చిన్నగా ఉన్నాననిపిస్తుంది.

పిత్తాశయం తీసే ఆపరేషన్. నా పని కడుపు గోడని ఒక కొంకితో పక్కకి లాగి పట్టుకోవడం. అంతే. ఆ పనికి గోడకి కొట్టిన మేకు చాలు. నేను మేకుని మించిన దాన్నని నిరూపించుకోవాలని కొంచెం గట్టిగా లాగాను. కొంకి జారింది. ఒక చిన్న నరం చిట్లి రక్తం సన్నగా పైకి చిమ్మింది.

నేను వెంటనే కొంకి వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, ఎడమ మడమతో నేలని ఠపీమని తన్నాను.

రక్తం వెనక్కి వెళ్ళలేదు. మళ్ళీ తన్నాను. ఒకవేళ సరిగ్గా నొక్కలేదేమోనని.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. డాక్టర్ బ్రీనా తాపీగా వేలితో ఆ నరాన్ని అదిమిపట్టి నావైపు తిరిగింది.

"ఎవలన్న తుపాకి వెట్టిన్రా?" అంది.

నర్సు కిసుక్కుమంది. "ఇగో, మడమోళ్ళు మళ్ళ మొదలువెట్టిన్రు" అంది. ఇక్కడ మా దేశం పిల్లల్ని అలాగే పిలుస్తారని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ అయ్యాక బ్రీనా నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "సూడు బిడ్డా. రక్తం వస్తే చెయ్యి వెట్టాలె. నువ్వు తీస్తున్నవ్. గట్ల తీస్తే మనిషి పోతది. మూడుసార్లు చేతులు లేపితే ఇంటికి పంపుడే. నాకు జాలి ఉంటది గని రూలుకు ఉండదు. ఇది ఒకటి."

ఇంటికి పంపడమంటే పట్టా లేదని అర్థం. పట్టా లేకపోతే నా అయిదేళ్ళ చదువుకీ నేను రబ్బరు బొమ్మలకి మాత్రమే డాక్టర్ని.

శనివారం

ప్రొద్దుటూరు ఖాజా హుస్సేన్ నా క్లాసుమేటు. పక్క దీవి ఆసుపత్రిలో నేర్చుకుంటున్నాడు. సెలవు రోజని నన్ను చూడ్డానికి పడవ ఎక్కి వచ్చాడు. నా సంగతి చెప్తే ధైర్యం చెప్తాడనుకున్నాను.

"నాకు రెండు అయిపోయినాయి మే" అన్నాడు వాడు. "ఇంగొకటి మిగిలింది. పొద్దన ఉల్లిగడ్డ కోస్తా వేలు తెగ్గోసుకున్న్యా. కత్తి పారేసి చేతులెత్తి కాలు తన్న్యా. మా ఓనరమ్మ పోలీసుల్ని పిలుస్తామా అనడిగె."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఇద్దరికీ ఏడుపొచ్చింది. క్లాసులో మొదటి ర్యాంకూ రెండో ర్యాంకూ మావే. మా ఫొటోలతో కాలేజీ వాళ్ళు బ్యానర్ కూడా కట్టారు.

గుడ్ల వారం

డాక్టర్ బ్రీనా నాకు వైద్యం మొదలుపెట్టింది. సాధన గదిలో నన్ను నిలబెట్టి, ఒక పచ్చి గుడ్డుని సంచీలో పెట్టి నా ఎడమ మడమ కింద ఉంచింది. ఎదురుగా గొర్రె పేగు. దాన్ని కుట్టాలి. కుడుతుంటే వెనకనుంచి ఆవిడ పళ్ళెం కింద పడేస్తుంది, దారం తెంపేస్తుంది, చెవి దగ్గరకొచ్చి "అయ్యో, పాయె, పాయె!" అని అరుస్తుంది. నేను ఉలిక్కిపడతాను. మడమ దిగుతుంది. చప్పుడు వినబడుతుంది.

పగిలిన గుడ్లు పారెయ్యడానికి మనసొప్పక హాస్టల్‌కి తెచ్చుకుంటున్నాను. హాస్టల్ కింది అంతస్తులో రూనా అని బస్సు డ్రైవర్ ఉంటుంది. నా ఈడుదే. మొదటి రోజు నేను మంచు మీద జారి పడితే లేవదీసి, పాదం మొత్తం ఆనించి పెంగ్విన్‌లా నడవాలని నేర్పింది. ఇప్పుడు రోజూ సాయంత్రం నా గదికొచ్చి ఆమ్లెట్ తింటోంది. కరివేపాకు పొడి చల్లితే దానికి పిచ్చి.

"ఇయ్యాల ఎన్ని పలగ్గొట్టినవ్?" అని తలుపు దగ్గరే అడుగుతుంది.

"ఆరు."

"మంచిగైంది. ఆకలైతుంది నాకు. నువ్వు జల్ది నేర్చుకోకు."

ఈ దేశంలో నా చదువు వెనకబడాలని కోరుకునే స్నేహితురాలు ఒకతి దొరికింది. రాజాంలో కూడా ఇంత దగ్గరవాళ్ళు నాకు లేరు. ఇది మండలికి అనవసరం, అయినా రాస్తున్నాను.

మంగళవారం

గుడ్లు పగలడం ఆగిపోయింది. మొత్తం పూట గుడ్డు మీద నిలబడి పేగు కుట్టాను. గుడ్డుకి గీత కూడా పడలేదు. గర్వంతో కళ్ళు నెత్తికెక్కాయి. రూనాకి ఉత్త రొట్టె పెట్టాను.

బుధవారం

నిన్న రాసినదానికి సిగ్గుపడుతున్నాను.

అపెండిక్స్ ఆపరేషన్. చర్మం మీద చివరి కుట్లు నన్ను వెయ్యమన్నారు. ఒకటి వేశాను. రెండోది వేస్తుంటే దారం పుటుక్కున తెగింది. నా ఎడమ మడమ కదల్లేదు. గుడ్డు ఉన్నట్టే గాలిలో ఆగింది. లోపల్లోపల సంబరపడుతున్నాను. ఇంతలో నర్సు నా తల పైకి చూస్తోందేమిటా అని చూస్తే, నా రెండు చేతులూ పైన ఉన్నాయి. దేవుడి ఊరేగింపులో దణ్ణం పెడుతున్నట్టు.

"కాలు బాగైంది" అంది బ్రీనా. "చేతులకు గుడ్లు లేకపాయె. ఇది రెండు."

తర్వాత రోజులు. తేదీలు గుర్తులేవు, తడిగా ఉన్నాయి

ఇప్పుడు కొత్త వైద్యం. సాధన గదిలో కుళాయికి ఒక రబ్బరు గొట్టం. దానికి చిల్లు. చిల్లు మీద వేళ్ళతో నొక్కి పట్టుకోవాలి. వదిలితే నీళ్ళు మొహానికి కొడతాయి. ఈ నీళ్ళు మంచు కరిగి వచ్చినవి. ఎంత చల్లగా ఉంటాయంటే, మొదటిసారి మొహానికి తగిలినప్పుడు మా తాతమ్మ పేరు పెట్టి అరిచాను.

నేను పట్టుకుని ఉంటే బ్రీనా కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తుంది. గొర్రెల ధర, కోడలి వంట. మధ్యలో ఉన్నట్టుండి ఏదో ఒకటి దభాలున పడేస్తుంది. నా చేతులు లేస్తాయి. నేను తడుస్తాను.

"మీ దగ్గర గట్ల ఎందుకు నేర్పుతరు?" అని అడిగింది ఒకసారి.

"తప్పులు చేసి నేర్చుకోవాలనండి."

"తప్పు చేసుడు నేర్పిన్రు. తప్పు చేసినంక నిలవడుడు నేర్పలే" అంది. ఆవిడ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నాకు కోపం వచ్చింది, మా కాలేజీ మీదా, నా మీదా, ఆ గొట్టం మీదా.

ఖాజా కబురు పంపాడు. వాడి మూడోది అయిపోయిందట. రేపటి ఓడకి వెళ్ళిపోతున్నాడు. "మే, రక్తం జూస్తానే చేతులు లేస్తాయి. నా మాట యినవు. నా చేతులు నావి కావు" అన్నాడు. వాడు ఎప్పుడూ హాస్యమాడేవాడు. ఈసారి ఆడలేదు.

శుక్రవారం. రాయడానికి చెయ్యి సరిగ్గా రావడం లేదు, అయినా

పొద్దున్నే ఆకాశంలో అయస్కాంత తుఫాను. కంటికేమీ కనబడదు. ఊళ్ళో గడియారాలన్నీ తలో సమయం చూపిస్తుంటే, చెవిలో గింజ గరగరలాడుతుంటే తెలుస్తుంది. దిక్సూచీలు తిరిగిపోతున్నాయని పక్క దీవులకి పడవలు ఆపేశారు. అలాంటి పూట ఒక బస్సు మంచు మీద జారి గోడని కొట్టుకుంది. ప్రయాణికులకి గీతలు పడ్డాయంతే. స్టీరింగు డ్రైవర్ కడుపులో గుద్దుకుంది.

మంచం మీద పడుకోబెట్టి తెచ్చేదాకా ఆ డ్రైవర్ ఎవరో నాకు తట్టనేలేదు. రూనా మొహం పిండిలా తెల్లగా ఉంది. నన్ను చూసి ఏదో అంది. గింజకి కూడా వినబడనంత నెమ్మదిగా.

డాక్టర్ బ్రీనా కడుపు మీద చెయ్యి వేసి చూసింది. ప్లీహం పగిలింది, లోపల రక్తం నిండుతోంది, వెంటనే తియ్యాలంది. నన్ను చేతులు కడుక్కోమంది.

"నేను వొద్దండి" అన్నాను. "ఈ పిల్ల నాకు తెల్సండి. నా చేతులు ఎలాటివో మీకు తెల్సు కదండి. ఇంకెవర్నయినా పిలవండి."

"ఎవలున్నరు? పడవలు బంద్. గీ దీవిల ఇయ్యాల ఆపరేషన్ చేసే చేతులు నాలుగే ఉన్నయ్. అండ్ల రెండు నావి" అంది బ్రీనా. "నడువ్."

కడుపు తెరిచేసరికి రక్తం తప్ప ఏమీ కనబడలేదు. బ్రీనా ఆ రక్తంలోకి చెయ్యి పెట్టి, నా ఎడమ చేతిని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ప్లీహం మొదట్లో ఉన్న పెద్ద నాళాన్ని నా బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య పెట్టింది. "ఇది నీది. అదిమి వట్టు" అంది. కుడి చేతికి కత్తెర ఇచ్చారు, ఆవిడ ముడి వేసినప్పుడల్లా దారం కత్తిరించడానికి.

ఒక ముడి అయింది. కత్తిరించాను. రెండోది అయింది. కత్తిరించాను. నేను బాగానే చేస్తున్నానని అనుకోవడం మొదలుపెట్టాను. నా జీవితంలో ఎప్పుడు అలా అనుకున్నా ఇదే జరుగుతుంది. మొదటి ముడి జారిపోయింది. రక్తం ఒక్కసారిగా పైకి పొంగింది.

మడమ నేలకి తగిలింది. ఆ చప్పుడు నేనే విన్నాను. కుడి చెయ్యి గాల్లోకి లేచింది, కత్తెరతో సహా. దారిలో అది డాక్టర్ బ్రీనా ముంజేతిని మోచేతిదాకా చీరింది.

ఎడమ చెయ్యి మాత్రం లేవలేదు.

అది నా గొప్పేమీ కాదు. లేవడానికి బయల్దేరింది, నాకు తెలుసు, భుజం దాకా కండరం లాగింది. కానీ వేళ్ళ కింద రూనా గుండె కొట్టుకుంటోంది. సన్నగా, తొందరతొందరగా. రబ్బరు మనిషి గుండె కూడా అలా కొట్టుకుంటుంది, ఇంకా స్పష్టంగా కొట్టుకుంటుంది. కానీ అది ఆగిపోతుందని నేనెప్పుడూ భయపడలేదు. ఇప్పుడు భయం వేసింది. వదిలితే పోతుంది, పోతే ఇంక రాదు. ఇంత చిన్న విషయం అయిదేళ్ళ చదువులో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. వేళ్ళు బిగించాను. ఏడుస్తున్నానని మాస్కు తడిశాక తెలిసింది.

"గట్లనే ఉండు" అంది బ్రీనా. నర్సు ఆవిడ తెగిన చేతికి గుడ్డ బిగించి కట్టి, దాని మీద కొత్త తొడుగు వేసింది. ఆవిడ మళ్ళీ లోపలికి చెయ్యి పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. నా వేళ్ళు మొద్దుబారాయి. అవి ఉన్నాయో లేవో తెలియలేదు. ఆ గుండె చప్పుడు మాత్రం తెలుస్తూనే ఉంది. చివరికి ఆవిడ "ఇగ వదులు" అంది. నేను వదల్లేకపోయాను. ఆవిడే నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

రూనా బతికింది.

కడుపు మూసి, రూనాని వార్డుకి తీసుకెళ్ళాక, డాక్టర్ బ్రీనా ఒక స్టూలు మీద కూర్చుని ముంజెయ్యి బల్ల మీద చాపింది. సూది, దారం నా ముందుకి తోసింది.

"నువ్వే చింపినవ్. నువ్వే కుట్టు."

మత్తు మందు ఇస్తానంటే వద్దంది. నేను కుట్టాను. ఒక కుట్టు దగ్గర దారం చిక్కు పడింది. చేతులు బల్ల మీదే ఉన్నాయి. చిక్కు తీసుకున్నాను. కుట్లు వంకరగా వచ్చాయి. పేగు మీద నేను వేసిన కుట్లు వీటికన్నా చాలా అందంగా ఉండేవి. విదేశంలో మొదలు నుంచి చివరిదాకా నేనొక్కదాన్నే చేసిన ఆపరేషన్ ఇదే అని మండలి వారు గమనించగలరు. పేషెంటు: మా టీచరు. కారణం: నేనే.

ఆవిడ చెయ్యి తిప్పి చూసుకుంది.

"నీ ఎడమ చెయ్యి డాక్టరైంది బిడ్డా. నాకు మస్తు ఖుషీ ఉంది" అంది. "గని కుడి చెయ్యి ఇంక మీ బల్ల కాడనే ఉంది. ఇయ్యాల నా చెయ్యి కోసింది. రేపు పేషెంటు గొంతు కోస్తది. ఇది మూడు."

ఆవిడ మాట ముమ్మాటికీ నిజం.

బుధవారం. ఓడ ఎక్కే ముందు

రూనాని చూడ్డానికి వెళ్ళాను. దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతోంది.

"నా కడుపుల చెయ్యి వెట్టింది నువ్వేనంట గద?" అంది.

"అవును."

"నన్ను సూసి ఏడ్చినవంట. నర్సు చెప్పింది."

"అవును."

"ఇగ నీ చేతులు బాగైతే ఆమ్లెట్లు ఎవలు వెడుతరని నేను గూడ ఏడ్చిన" అంది. నవ్వబోయి కుట్లు లాగి, కడుపు పట్టుకుని నన్ను తిట్టింది. నేను కరివేపాకు పొడి సీసా బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఉండిపోతే మళ్ళీ ఏడ్చేదాన్ని. ఈ దేశంలో నా కన్నీళ్ళ గురించి ఇప్పటికే చాలామందికి తెలిసిపోయింది.

సోమవారం. మన ఊరు, కాలేజీ

పట్టా లేదన్నారు. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. అంతవరకు నన్ను ఉత్తుత్తి బల్ల గదిలో సహాయకురాలిగా వేశారు. బ్యానర్ మీద నా ఫొటో ఉన్నచోట ఇప్పుడు కొత్త మొదటి ర్యాంకు సుగుణాకర్ ఉన్నాడు. పాలకొండ కుర్రాడు. చెయ్యి చాలా వేగం. వేగం గురించి నాకు బాగా తెలుసు.

పెడల్ వల్లే మా చేతులు పాడయ్యాయని మండలికి అర్జీ పెట్టాను. పరిశీలిస్తామని జవాబొచ్చింది. వాళ్ళ పరిశీలన పూర్తయ్యేలోపు ఇంకో బ్యాచ్ ఓడ ఎక్కుతుంది. అందుకని ఈ రోజు క్లాసుకి ముందు బల్ల కిందికి దూరి ఒక తీగ పీకేశాను. ఇది నేరమే. మండలి వారు ఇది చదువుతారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను: పీకింది నేనే.

సుగుణాకర్ ప్లీహం తీస్తున్నాడు. బాగానే చేస్తున్నాడు, చేస్తున్నాననీ అనుకుంటున్నాడు, మొహంలో కనబడుతోంది. ముడి జారింది. రబ్బరు మనిషి కడుపులోంచి ఎర్రగా పొంగింది. సుగుణాకర్ చేతులు రెండూ లేచాయి. మడమ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"అక్కా, పెడల్ పనిసెయ్యట్లేదు!"

"తెలుసు."

"రగతం ఎల్లిపోతందక్కా! ఏటి సెయ్యాలిప్పుడు? ఈడు సచ్చిపోతాడు!"

అతని చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నేను వెళ్ళి ఆ రెండు మణికట్లూ పట్టుకుని కిందికి దించి, వేళ్ళు నాళం మీద పెట్టి అదిమాను. రక్తం ఆగింది. వేళ్ళ కింద ఏదో కొట్టుకుంటున్నట్టు అప్పుడే తెలిసినవాడిలా కిందికి చూశాడు.

"ఎంతసేపక్కా?" అన్నాడు.

"నేను వదలమనే దాకా" అన్నాను.

చాలాసేపు అనలేదు.